తక్కువే తింటున్నా పొట్ట తగ్గట్లేదు: తప్పు హార్మోన్లదా, చక్కెరదా?

అన్నం సగానికి తగ్గించినా పొట్ట కరగడం లేదని, ఇది హార్మోన్ల వల్లా, చక్కెర వల్లా అని అడిగారు. నా లెక్కలో రెండూ ఒకటే. నాకది మెడ దగ్గర తెలిసింది.

మూడేళ్ల కిందట నా మెడ వెనక నల్లగా, మందంగా తయారైంది. "స్నానం సరిగ్గా చేస్తే కదరా" అని అమ్మ రోజూ నిమ్మచెక్క చేతికిచ్చేది. రుద్దీ రుద్దీ మంట తప్ప ఏం మిగల్లేదు. బరువు సంగతికొస్తే చుట్టాలందరిదీ ఒకటే మాట, థైరాయిడ్! మనవాళ్లకి కాలు బెణికినా థైరాయిడే. పరీక్ష చేయిస్తే నార్మల్.

చివరికి రాజమండ్రిలో ఒక పెద్దాయన, డాక్టరుగారు, నా కాలరు పక్కకి లాగి చూసి "ఇది మురికి కాదయ్యా, ఇన్సులిన్" అన్నారు. ఇన్సులిన్ అంటే రక్తంలో చక్కెరని అదుపు చేసే హార్మోన్. ఒంట్లో అది ఎప్పుడూ ఎక్కువగా ఉంటే చర్మం అలా నల్లబడుతుందట. రోజుకి ఎన్ని టీలని అడిగారు. మూడన్నాను. పక్కనున్న మా ఆవిడ ఊరుకుంటుందా? "ఎనిమిదండీ. ఆఫీసులో ఆరు, ఇంట్లో రెండు." కప్పుకి రెండు చెంచాలు, చెంచాకి నాలుగు గ్రాములు, మొత్తం 64 గ్రాముల చక్కెర. 25 గ్రాముల లోపుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో (HbA1c) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచే షుగర్ జబ్బు హెచ్చరిక. నడుము 102 సెంటీమీటర్లు, మన దేశపు మగవాళ్లకి 90 దాటకూడదట.

చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్ రాగానే ఇన్సులిన్ లేస్తుంది. అది లేచి ఉన్నంతసేపు కొవ్వు లోపలికి చేరడమే గానీ బయటికి రావడం కష్టం. ఫ్రక్టోజ్ భారం ఎక్కువగా కాలేయం మీదే, మోతాదు మించితే అక్కడే కొవ్వవుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు, దాంతో ఇన్సులిన్ తయారుచేసే క్లోమం దాన్ని ఇంకా ఎక్కువ వదులుతుంది. నేనేమో రెండు గంటలకోసారి టీ పోసి దానికి తీరిక లేకుండా చేశాను. కేలరీలు లెక్కలోకి రావా అంటే వస్తాయి, కానీ ముందు మీ టీల లెక్క తీయండి.

ఇక బెల్లం టీ బోర్డులు చూస్తే ఒళ్లు మండుతుంది. రంగు మారినా బెల్లంలో చాలా భాగం ఆ చక్కెరే. మూడు నెలలు మందులా తాగి రెండు కిలోలు పెరిగాను. షుగర్ ఫ్రీ బిస్కెట్లూ అంతే, మైదా ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు రెండే టీలు, చక్కెర లేకుండా. మొదటి పది రోజులు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేకపోయారు. ఎనిమిది నెలల్లో ఏడు కిలోలు తగ్గాను, మెడ నలుపు సగానికి పైగా పోయింది. అదంతా నిమ్మచెక్క చలవే అంటుంది అమ్మ.