మొదటి సైకిల్‌కు ఎంత పెట్టవచ్చు?

ప్రశ్న: నా వయసు 42. పాతికేళ్లుగా సైకిల్ ముట్టలేదు. ఉదయం పూట తొక్కుదామని దుకాణానికి వెళితే 8,000 నుంచి 60,000 రూపాయల దాకా చూపించారు. నాలాంటివారు ఎంత పెట్టడం సబబు?
- ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: సైకిల్‌కు 18,000 నుంచి 25,000 రూపాయలు అనుకోండి, హెల్మెట్, ముందూ వెనుకా లైట్లు, తాళం, గాలి పంపు కోసం మరో 4,000 రూపాయలు విడిగా ఉంచుకోండి. చాలామంది ఉన్నదంతా సైకిల్‌కే పెట్టి, హెల్మెట్‌ను వచ్చే నెలకు వాయిదా వేస్తారు. ఆ పొరపాటు చేయకండి.

పదివేల లోపు ధరకే 21 గేర్లు, రెండు డిస్కు బ్రేకులు, స్ప్రింగులున్న ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే భాగం) అన్నీ ఇస్తున్నారంటే, కంటికి కనబడని చోట, అంటే ఫ్రేములోనో చక్రాల బేరింగుల్లోనో నాణ్యత తగ్గించారని గ్రహించాలి. చవక స్ప్రింగు ఫోర్కు బరువు పెంచడమే కాక, ఎత్తు ఎక్కేటప్పుడు మీ కాళ్ల బలాన్ని కొంత తానే మింగేస్తుంది. జూబ్లీహిల్స్ వైపు ఒక్కసారి ఎక్కి చూస్తే సంగతి తెలుస్తుంది. మీకు అల్యూమినియం ఫ్రేము, స్ప్రింగులు లేని ఫోర్కు, 35 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వెడల్పున్న టైర్లు గల హైబ్రిడ్ సైకిల్, అంటే రోడ్డు సైకిల్‌కూ కొండదారుల సైకిల్‌కూ మధ్యరకం, చాలు. గేర్ల సంఖ్య చూసి మురిసిపోకండి, వాటిలో చాలా జతలు దాదాపు ఒకే పని చేస్తాయి. మన ఊరి ఎత్తులు తేలిగ్గా ఎక్కాలంటే, వెనుక చక్రానికున్న పళ్ల చక్రాల్లో అన్నిటికన్నా పెద్దదానికి 32 పళ్లో, 34 పళ్లో ఉన్నాయా అని లెక్కపెట్టించడం మేలు.

ధర కన్నా ముఖ్యం కొలత. ఫ్రేము పై గొట్టానికి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడినప్పుడు కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమను కింది పెడల్‌పై ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. ఈ రెండూ కుదరని సైకిల్‌ను సగం ధరకిచ్చినా తీసుకోకండి.

30,000 దాటాక మీరిచ్చే అదనపు సొమ్ము ప్రధానంగా బరువు తగ్గడానికీ, గేర్లు మృదువుగా మారడానికీ పోతుంది. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ దారిలో వారానికి రెండు మూడు రోజులు తొక్కడానికి అది అవసరం లేదు. కొన్న నెల రోజులకు గేర్ల, బ్రేకుల కేబుళ్లు కాస్త వదులవుతాయి కాబట్టి, మొదటి సర్వీసు ఉచితంగా చేస్తారో లేదో డబ్బు కట్టకముందే అడగండి.