గాలి పడిపోయిన రోజు వించ్‌తో బోర్డు: మీ ప్రశ్నలు, మా జవాబులు

బోర్డు మీది మనిషిని నీటి మీద లాగే పెద్ద గాలిపటం, అంటే కైట్, లేవనంత మందగాలి రోజుల్లో బోర్డు మూలన పడేయకుండా వించ్‌తో నడపడం గురించి ఈసారి ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. ఒడ్డున చిన్న పెట్రోలు ఇంజన్, చైన్‌తో తిరిగే డ్రమ్ము, దాని మీద 150 నుంచి 200 మీటర్ల సన్నటి తాడు, తాడు కొసన హ్యాండిల్. డ్రమ్ము తాడును చుట్టుకుంటుంటే బోర్డు మీది మనిషి జారుతూ వస్తాడు. యంత్రం అంతే. తిప్పలన్నీ పళ్ల చక్రాల లెక్క దగ్గర, తాడు దగ్గర, థ్రాటిల్ (ఇంజన్ వేగం పెంచే మీట) పట్టుకున్న చేతి దగ్గర వస్తాయి.

ప్రశ్న: కైట్ మీద చేయి బాగానే తిరిగింది. రెండు కొసలూ ఒకేలా ఉండే అదే ట్విన్‌టిప్ బోర్డుతో వించ్ మీద లేవబోతే ముందుకు బోర్లా పడుతున్నాను. బోర్డు మార్చాలా?

బోర్డు మార్చక్కర్లేదండీ, అలవాటు మార్చుకోవాలి. కైట్ మిమ్మల్ని ముందుకు లాగుతూనే పైకీ ఎత్తుతుంది, మీ బరువులో కొంత అదే మోస్తుంది. వించ్ తాడు దాదాపు నీటిమట్టం వెంబడే లాగుతుంది. మీ బరువంతా బోర్డే మోయాలి, మోయాలంటే దానికి వేగం అందాలి. కైట్ అలవాటు కొద్దీ లాగు తగలగానే కాళ్లు చాపి నిలబడబోతారు. అప్పుడు బోర్డు నాగలిలా నీటిని తోస్తుంది, తాడు బిగుసుకుని చేతుల్ని ముందుకు ఈడ్చేస్తుంది.

నీళ్లలో వెల్లకిలా తేలుతూ మోకాళ్లు ఛాతీ దగ్గరకు ముడుచుకోండి. బోర్డు తాడుకు అడ్డంగా, ముందు అంచు బెత్తెడు పైకి కనబడేలా ఉండాలి. చేతులు తిన్నగా చాచి ఉంచండి. లాగు మొదలయ్యాక రెండు మూడు సెకన్లు ఏమీ చేయకండి, ముడుచుకునే ఉండండి. బోర్డు నీటిపైకి వచ్చిన సంగతి కంటికంటే ముందు అరికాలికి తెలుస్తుంది: పాదాల మీద నీటి ఒత్తిడి ఒక్కసారి తగ్గి సన్నటి అదురు మొదలవుతుంది. అప్పుడు లేచి, బోర్డు ముక్కును తాడు వైపు తిప్పండి. హ్యాండిల్ తుంటి ఎత్తులో ఉంచండి. మోచేతులు మడిచి తాడును దగ్గరకు లాక్కున్నారంటే అది క్షణం వదులై మరుక్షణం కుదుపుతుంది. వెనక్కి పడేవాళ్లలో ఎక్కువమంది ఇలా పడేవాళ్లే.

పడవ వెనక నడిపే వేక్‌బోర్డుకు అడుగున వంపు ఎక్కువ, కాస్త ఆలస్యంగా తేలుతుంది. చదునుగా ఉండే ట్విన్‌టిప్ తక్కువ వేగానికే పైకి వస్తుంది కాబట్టి నేర్చుకునే రోజుల్లో అదే నయం.

ప్రశ్న: చేతులు లాగేస్తున్నాయి. హ్యాండిల్‌ను నడుముకు కట్టుకునే హార్నెస్ హుక్‌కు తగిలిస్తే?

వద్దు. కైట్ బలాన్ని కట్ చేసే పట్టు మీ నడుము ముందే, చేతికందేలా ఉంటుంది. వించ్ బలం మరొకరి చేతిలో, 200 మీటర్ల అవతల ఉంటుంది. గంటకు 28 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు ఎనిమిది మీటర్లు. మీరు పడ్డారని వాళ్లు చూసి వేలు వదిలేలోపు మిమ్మల్ని తలకిందులుగా ఎంత దూరం ఈడుస్తుందో లెక్కేసుకోండి. హ్యాండిల్ చేత్తోనే పట్టుకోవాలి, తాడును చేతికి చుట్టుకోవడమూ కూడదు.

ప్రశ్న: సొంతంగా వించ్ కట్టుకుంటున్నాం. ఎంత ఇంజన్ కావాలి? పళ్ల చక్రాలు ఎలా ఎంచుకోవాలి?

ఇంజన్ సంగతి తర్వాత, ముందు వేగం తేల్చుకోండి. ట్విన్‌టిప్‌కు, కాలి పట్టీలు లేని వేక్‌స్కేట్‌కు గంటకు 25 నుంచి 28 కిలోమీటర్లు, వేక్‌బోర్డుకు 28 నుంచి 32 వరకు సరిపోతుంది. ఇక లెక్క ఇలా వేయండి. డ్రమ్ము బొడ్డు వ్యాసం 25 సెంటీమీటర్లు అనుకుంటే ఒక చుట్టుకు 78.5 సెంటీమీటర్ల తాడు వస్తుంది. ఈ తరహా చిన్న ఇంజన్లను, వేగం హద్దు దాటకుండా చూసే గవర్నర్ నిమిషానికి 3,600 చుట్ల దగ్గర ఆపుతుంది. క్లచ్ మీద 12 పళ్లు, డ్రమ్ము మీద 72 పళ్లు పెడితే ఒకటికి ఆరు, అంటే ఇంజన్ ఆరు చుట్లకు డ్రమ్ము ఒక చుట్టు. డ్రమ్ము 600 చుట్లు తిరుగుతుంది, నిమిషానికి 471 మీటర్లు, అంటే గంటకు 28 కిలోమీటర్లు.

ఇప్పుడు బలం. ఎక్కువగా వాడే 196 సీసీ హోండా జీఎక్స్200 తీసుకుందాం. పాత లెక్కలో 6.5 హార్స్‌పవర్ అనేవారు, కొలిచే పద్ధతి మారాక 5.5 అని రాస్తున్నారు. అది 2,500 చుట్ల దగ్గర 12.4 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. దాన్ని ఆరుతో గుణించి, డ్రమ్ము వ్యాసార్ధం 0.125 మీటర్లతో భాగిస్తే సుమారు 595 న్యూటన్లు, అంటే 60 కిలోల లాగు. చైన్, బేరింగుల నష్టం పోగా 55 అనుకోండి. నీటి మీద జారుతున్నప్పుడు మనిషి బరువులో పావు నుంచి మూడో వంతు లాగు చాలు. 75 కిలోల మనిషికి 20 నుంచి 25 కిలోలు. లోతు నీళ్లలోంచి లేచేటప్పుడు మాత్రం దానికి రెండు మూడింతలు కావాలి. అందుకే ఈ ఇంజన్ 75 కిలోల మనిషిని హాయిగా లేపుతుంది, 95 కిలోల మనిషి దగ్గర మూలుగుతుంది.

అప్పుడు దారులు మూడు. డ్రమ్ము వైపు చక్రం పెద్దది వేస్తే బలం పెరిగి వేగం తగ్గుతుంది. 389 సీసీ జీఎక్స్390 వేస్తే పని అవుతుంది గాని, ఆ బరువు మోసుకుని తిరగాలి. మూడోది, ఇంజన్ వేగం పెరిగితే దానంతటదే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ బదులు బెల్టుతో నడిచే టార్క్ కన్వర్టర్. గో కార్టుల్లో వాడే 30 సిరీస్ రకం మొదట 2.7కు ఒకటిగా లాగి, వేగం అందుకున్నాక 0.9కి దిగుతుంది, స్కూటరు తనంతట తాను గేరు మార్చుకున్నట్టే. మా ఓటు దీనికే. పెద్ద ఇంజన్ కొని, లేచే మొదటి మూడు సెకన్ల కోసం మిగతా దారంతా దాని బరువు భరించడంలో అర్థం లేదు.

ప్రశ్న: బయల్దేరినప్పుడు వేగం సరిగ్గా ఉంటోంది, ఒడ్డు దగ్గరకు వచ్చేసరికి భయమేసేంత పెరుగుతోంది. గవర్నర్ పోయిందా?

పోలేదు. డ్రమ్మే లావెక్కుతోంది. 10 సెంటీమీటర్ల వెడల్పు డ్రమ్ము మీద 3 మిల్లీమీటర్ల తాడు పొరకు 33 చుట్లు, దాదాపు 26 మీటర్లు పడుతుంది. 200 మీటర్లకు ఎనిమిది పొరలు. వ్యాసం 25 నుంచి 29 సెంటీమీటర్లు దాటుతుంది, 28తో మొదలైన వేగం ఇంజన్ చుట్లు మారకుండానే 33కు చేరుతుంది. తాడు నడుమ గుట్టగా పడితే ఇంకా ఎక్కువ. డ్రమ్ము కాస్త వెడల్పుగా చేయించండి, లేదా వించ్ నడిపేవాళ్లు చివరి మూడో వంతులో థ్రాటిల్ కొంచెం వదలాలి. తాడులో హ్యాండిల్ వైపు మూడో వంతుకు ఎర్ర రంగు వేసుకుంటే ఎప్పుడు వదలాలో ఎవరూ అరవక్కర్లేదు.

ప్రశ్న: క్లచ్ పొగలు కక్కుతోంది.

జారుతోంది కనుక. ఈ క్లచ్‌లు 1,800 నుంచి 2,200 చుట్ల మధ్య పట్టుకుంటాయి. మనిషిని మెల్లగా లేపుదామని థ్రాటిల్‌ను ఆ హద్దు దగ్గరే ఆడిస్తే, పట్టీ పట్టకా వదలకా రాచుకుని కాలిపోతుంది. రెండు మూడు సెకన్లలో ఒకే ఊపున హద్దు దాటించండి. అయినా పొగ వస్తే గేరింగ్ బరువుగా ఉందని అర్థం. 60 పళ్ల చక్రం ఉంటే 72కు మారండి. క్లచ్ డ్రమ్ము నీలంగా మారి ఉంటే దాన్ని పారేయండి, స్ప్రింగులు కూడా మెత్తబడి ఉంటాయి.

ప్రశ్న: ఇంట్లో మంచి నైలాన్ తాడు ఉంది. పనికొస్తుందా?

రాదు. నైలాన్ సాగుతుంది. సాగిన తాడు తెగినా, హ్యాండిల్ జారినా, అది దాచుకున్న బలమంతా వెనక్కి కొడుతుంది. పైగా నీళ్లలో మునిగి, అడుగున ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. డైనీమా అనే గట్టి పోగుల తాడు వాడండి. దాదాపు సాగదు, నీటి కంటే తేలిక కాబట్టి తేలుతుంది, 3 మిల్లీమీటర్లది మన అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ బలం.

దానికి రెండు జబ్బులు. ఒకటి, వేడి: 150 డిగ్రీల లోపే కరుగుతుంది, అందుకే డ్రమ్ము ముందు తాడుకు దారి చూపే గైడు గరుకు ఇనుముదై, దాని మీద రాచుకుంటే పోగులు గాజులా మెరుస్తూ గట్టిపడతాయి. అలాంటి చోటు కనబడితే అక్కడికి కోసేయండి. రెండు, ముడి: ఈ తాడు నున్నగా ఉంటుంది, ముడి జారిపోతుంది, జారకపోయినా బలం సగానికి పడిపోతుంది. కొసను తాడు బోలులోకే దూర్చి స్ప్లైస్ చేయాలి. దూర్చే పొడవు వ్యాసానికి 72 రెట్లు. 3 మిల్లీమీటర్ల తాడుకు 22 సెంటీమీటర్లు. లోపలికి పోయే కొసలో పోగులు ఒక్కొక్కటీ ఎడంగా కత్తిరించి సన్నం చేయండి. మొద్దుగా వదిలేస్తే సరిగ్గా అక్కడే తెగుతుంది.

ప్రశ్న: తాడు విప్పుతుంటే మధ్యలో బిగుసుకుపోతోంది. ఒక్కోసారి డ్రమ్ము మీదే పెద్ద చిక్కు పడుతోంది.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. బిగుసుకోవడం అంటే పై చుట్టు కింది పొరల్లో కూరుకుపోవడం. వదులుగా ఉన్న పొరల మీద బలంగా లాగితే సన్నటి తాడు వాటి మధ్యకు దిగిపోతుంది. కొత్త తాడు మొదటిసారి చుట్టేటప్పుడే బిగువుగా చుట్టాలి: తోలు చేతొడుగులు వేసుకుని, తడిగుడ్డతో తాడును ఒత్తిపట్టి, చేతిని డ్రమ్ముకు రెండు మూడు మీటర్ల దూరంలోనే ఉంచాలి. ఇంకో చోట కూడా ఇది మొదలవుతుంది. మనిషి మధ్యలో పడ్డాడు, డ్రమ్ము ఇంకా తిరిగి కొంత తాడును వదులుగా చుట్టుకుంది, అతను చెయ్యి ఊపగానే మళ్లీ లాగారు. ఆ వదులు చుట్లు చేత్తో విప్పి, తాడు తిన్నగా అయ్యాకే లాగండి. విసుగే, కానీ తర్వాత పడే విసుగు కంటే తక్కువ.

చిక్కు పడటానికి కారణం వేరు. తాడు పట్టుకుని వెళ్లే మనిషి ఆగినా డ్రమ్ము ఆగదు. విప్పేటప్పుడు అంచు మీద చిన్న రాపిడి బ్రేకు ఉండాలి. సైకిల్ బ్రేకు రబ్బరు చాలు. గైడు డ్రమ్ముకు అర మీటరు ముందుంటే తాడు కాస్త సమంగా పరుచుకుంటుంది. అంచులు నిండు డ్రమ్ము మీద కూడా మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి ఉండాలి. లేకపోతే తాడు పక్కకు జారి ఇరుసుకు చుట్టుకుంటుంది, ఆ రోజు పని అక్కడితో సరి.

ప్రశ్న: గట్టు వాలు మీద పెడితే ఇంజన్ దానంతటదే ఆగుతోంది. ఇసుకలో పెడితే వించే ముందుకు పాకుతోంది.

ఈ ఇంజన్లలో నూనెను పంపు తోయదు, లోపలి చెంచా చిమ్ముతుంది. 20 డిగ్రీల కంటే ఎక్కువ వాలితే నూనె ఒక పక్కకు చేరుతుంది, నూనె తగ్గిందనుకుని సెన్సర్ ఇంజన్‌ను ఆపేస్తుంది. విసుగొచ్చి ఆ సెన్సర్ తీగ పీకేసేవాళ్లున్నారు; అది ఇంజన్‌ను చేతులారా చంపుకోవడమే. కాళ్ల కింద చెక్కలు వేసి మట్టం చేయండి, నూనె నిండుగా 0.6 లీటరు పోసి ఉంచండి.

ఇసుకలో మేకులు నిలవవు. మీటరు పొడవు పలకను లాగుకు అడ్డంగా అర మీటరు లోతున పాతి, దాని నడుముకు పట్టీ కట్టి వించ్‌ను వెనక నుంచి పట్టండి. గట్టి నేలలో 60 సెంటీమీటర్ల ఇనుప మేకులు మూడు, వెనక్కి వాల్చి కొడితే సరిపోతుంది.

ప్రశ్న: ఇద్దరమే ఉన్నాం. ఒకరు బోర్డు మీద, ఒకరు వించ్ దగ్గర. చాలుతుందా?

నీళ్లు ఖాళీగా ఉండి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూపు ఆనితే చాలుతుంది. పడవలు, ఈతగాళ్లు వచ్చే చోటయితే మూడో మనిషి తప్పదు. బిగిసిన 3 మిల్లీమీటర్ల తాడు నీటి మీద ఎవరికీ కనబడదు, సరిగ్గా మెడ ఎత్తున ఉంటుంది. ఎవరైనా తాడు దారి వైపు వస్తే లాగు ఆగాలి, అంతే.

సైగలు ముందే ఒప్పుకోండి. చెయ్యి పైకెత్తితే సిద్ధం, తల ఊపితే లాగు, బొటనవేలు పైకి కిందికి వేగానికి, గొంతు మీద చెయ్యి అడ్డంగా తిప్పితే ఆపు. రైడర్ కనబడకపోయినా ఆపే. థ్రాటిల్ వదిలితే దానంతటదే వెనక్కి వచ్చేదిగా ఉండాలి, ఇంజన్ ఆపే స్విచ్చు త్రాడు నడిపేవారి మణికట్టుకు ఉండాలి. నిలబడేది తాడు వరసలో కాదు, పక్కన. చైన్‌కు, డ్రమ్ముకు ఇనుప జాలీ కప్పాలి. రైడర్‌కు హెల్మెట్, తేలే జాకెట్టు. నడిపేవారి చేతికందేలా తాడు కోసే హుక్ కత్తి.

రైడర్ ఒడ్డుకు 15 మీటర్ల ముందే హ్యాండిల్ వదలాలి, వదిలిన క్షణమే థ్రాటిల్ కూడా. లేకపోతే బరువు లేని హ్యాండిల్ ఎగిరి వచ్చేది వించ్ మీదకే.

200 మీటర్ల తాడుకు ఒక్కో రైడు పాతిక సెకన్లే. తాడును మళ్లీ ఆ కొసకు చేర్చడానికి నాలుగైదు నిమిషాలు. గట్టు వెంట నడిచి వెళ్లగలిగే చోటు ఎంచుకుంటే రోజుకు రెట్టింపు రైడ్లు దొరుకుతాయి.

ప్రశ్న: ఫాయిల్ బోర్డుకు ఇదే వించ్ వాడొచ్చా?

వాడొచ్చు, గేరింగ్ మార్చి. నీటి కింది రెక్కలతో బోర్డును పైకెత్తే ఫాయిల్ గంటకు 12 నుంచి 18 కిలోమీటర్లకే లేస్తుంది. ఒకటికి పది పెడితే పైన చెప్పిన డ్రమ్ముకు 17 వస్తుంది, బలం మిగులుతుంది. నీటి మట్టం 1.5 మీటర్లకు తగ్గకూడదు, రెక్కలను బోర్డుకు కలిపే నిలువు కడ్డీ, మాస్టే, 75 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటుంది. లేచాక లాగు బాగా తగ్గిపోతుంది కాబట్టి నడిపేవారు వెంటనే థ్రాటిల్ సగానికి దించాలి. దించకపోతే ముందు రెక్క నీటి పైకి తేలి, ఊతం పోయి, బోర్డు మనిషితో సహా కిందపడుతుంది.