ఆ కిరీటం ఎవరిది?

ప్రశ్న: చిక్కపేట ఆదివారం సంతలో 1,800 రూపాయలకు పైలట్ రెక్కల బ్యాడ్జి కొన్నాను. నల్లగుడ్డ మీద కుట్టు, మధ్యలో ఆర్‌ఏఎఫ్ అక్షరాలు, పైన కిరీటం. 1965 యుద్ధంలో పాల్గొన్న మన పైలట్‌దని అమ్మినతను చెప్పాడు. కిరీటం నడినెత్తిన కాస్త సొట్టగా ఉంది. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: నమ్మకండమ్మా. ఆర్‌ఏఎఫ్ అంటే బ్రిటన్ వైమానిక దళం. పైగా 1950 జనవరి 26న మన దళం పేరులోంచి ‘రాయల్’ పోయింది, బ్యాడ్జి మీది కిరీటమూ పోయింది, ఆ చోట అశోకుడి సింహాలు వచ్చి కూర్చున్నాయి. 1965లో మన పైలట్ గుండెమీద కిరీటం ఎందుకుంటుంది?

మీరు సొట్ట అన్నది నిజానికి సొట్ట కాదు, గుర్తు. కమానులు నడిమధ్యన లోపలికి వంగితే అది ఎలిజబెత్ రాణి కాలపు కిరీటం, 1953 నుంచి వాడుకలోకి వచ్చింది. అంతకుముందు రాజులది బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉండేది. అయితే గుండ్రంగా కనిపించిందల్లా పాతదనుకోకండి. 2022లో గద్దెనెక్కిన చార్లెస్ రాజు మళ్లీ ఆ తరహానే ఎంచుకున్నారు.

ఇక దారం. నేను మొదట కొన్నది ఆర్‌ఎఫ్‌సీ అక్షరాల బ్యాడ్జి. అంటే రాయల్ ఫ్లయింగ్ కోర్, బ్రిటన్ సైన్యపు పాత విమాన దళం. ఆ దళం 1918 ఏప్రిల్ 1న ఆర్‌ఏఎఫ్‌లో కలిసిపోయింది కాబట్టి నూరేళ్ల నాటిదని మురిసిపోయాను. మా అబ్బాయి దొంగనోట్లు పట్టే ఊదారంగు దీపం కింద పెడితే తెల్లదారం నీలంగా భగ్గుమంది! దారాలకు అలా మెరిసే రసాయనాలు కలపడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే విరివిగా మొదలైంది. వెనక్కి తిప్పితే అట్ట కూడా కొత్తదే. సబ్బుపొడితో ఉతికినా అసలుది సైతం అలాగే మెరుస్తుంది. అందుకే మీరు దాన్ని ఉతకవద్దు, ఇస్త్రీ అసలే వద్దు.

మన ఊళ్లో వెతకదగినవి వేరే ఉన్నాయి. 1943లో ఇక్కడి హిందూస్థాన్ విమాన కర్మాగారం అమెరికా సైన్యం చేతికి వెళ్లి, వాళ్ల విమానాలు ఇక్కడే మరమ్మతయ్యేవి. యుద్ధకాలంలో మన దేశానికి వచ్చిన అమెరికన్ పైలట్లు ఇక్కడి కంసాలులతో వెండి రెక్కలు చేయించుకున్నారు. ఆ పనిలో ఒక ఈక పొడవు, ఒకటి పొట్టి. అచ్చులో గుద్దినవాటి నునుపు ఉండదు. పోతపోసిన నకిలీలపై మాత్రం సూదిమొనంత గుంతలుంటాయి, భూతద్దంతో చూడండి.

మీ బ్యాడ్జి వెనుకవైపు ఫొటో పంపితే ఇంకాస్త చెబుతాను. 1,800 మాత్రం ఎక్కువే.