బూతు జోకులతో నిండిన హారర్ ఆంథాలజీ సినిమాల్లో జనానికి అంతగా నచ్చేదేమిటి?

"ఒకే సినిమాలో నాలుగైదు కథలు, వాటిలో సగం బూతు, మిగతా సగం నెత్తురు. దీన్ని కూడా సినిమా అంటారా? ఎందుకు చూస్తారో చెప్పండి" అని అడిగారు. అడగడంలోనే తీర్పు కూడా చెప్పేశారు, సరే. నా మాట మాత్రం వేరు. ఆ పచ్చి కథ తీసేసి చూడండి, పక్కనున్న దెయ్యం కథలో భయం కూడా సగం చచ్చిపోతుంది. ఇది ఒకప్పుడు నిజంగానే జరిగింది.

1945లో ఇంగ్లండులోని ఈలింగ్ స్టూడియో వాళ్లు తీసిన 'డెడ్ ఆఫ్ నైట్' చూడండి. ఒక ఆర్కిటెక్టు పల్లెటూళ్లో ఒక ఇంటికి వస్తాడు. "మీ అందరినీ ఇదివరకే కలలో చూశాను" అంటాడు. అక్కడున్న వాళ్లు తలా ఒక కథ చెబుతారు. శవాల బండి కథ, క్రిస్మస్ పార్టీ కథ, అద్దం కథ, గోల్ఫ్ కథ, చివర్లో మాట్లాడే బొమ్మ కథ. ఆ బొమ్మ కథకే పేరంతా వచ్చింది. గోల్ఫ్ కథను మాత్రం "మధ్యలో ఈ వెకిలితనం దేనికి" అని విమర్శకులు ఇప్పటికీ విసుక్కుంటారు.

ఆ వెకిలి కథ ఇదీ. ఇద్దరు గోల్ఫ్ పిచ్చోళ్లు, ఇద్దరికీ ఒకే అమ్మాయి కావాలి. ఆట ఆడదాం, గెలిచినవాడు పెళ్లి చేసుకోవాలి, ఓడినవాడు కనుమరుగైపోవాలి అనుకుంటారు. ఒకడు మోసం చేసి గెలుస్తాడు. ఓడినవాడు మారుమాట లేకుండా నడుచుకుంటూ చెరువులోకి వెళ్లిపోతాడు. తర్వాత దెయ్యమై వస్తాడు. వచ్చి భయపెడతాడా? లేదు, "ఆటలో మోసం చేశావు" అని సతాయిస్తాడు. పోనీ మాయమైపో అంటే, చేతులతో చేయాల్సిన సైగలు మర్చిపోయాడు! ఇక్కడ చూస్తే పెళ్లయింది, పైన గదిలో పెళ్లికూతురు ఎదురుచూస్తోంది, కింద దెయ్యం ఒక్క అడుగు కదలడం లేదు. పెళ్లికొడుకు విసిగిపోయి ఆ సైగలేవో తనే చేసి చూపించబోతాడు. తనే మాయమైపోతాడు. దెయ్యం ఒక్క క్షణం ఆలోచించి మెట్లెక్కి పైగదికి వెళ్తుంది. అంతే కథ. ఒక్క బట్ట విప్పలేదు, ఒక్క బూతు మాట లేదు. కానీ దీనికంటే పచ్చి జోకు ఏముంది చెప్పండి?

అది ఎక్కడుందో చూడండి. అద్దం కథకీ బొమ్మ కథకీ మధ్యన. ఆ రెండూ మనిషి బుర్రలోకి మరొకడు దూరే కథలే. నవ్వేసి ఒళ్లు వదులు చేసుకున్న ప్రేక్షకుడి మీద బొమ్మ కథ పడుతుంది, అందుకే అంత దెబ్బ. అమెరికాలో విడుదల చేసినప్పుడు క్రిస్మస్ కథనీ గోల్ఫ్ కథనీ కోసేశారు. అద్దం మీద బొమ్మ వచ్చి పడింది, బిగువు మీద బిగువు. క్లైమాక్సులో కల అంతా కలగాపులగమై పాత కథలు తిరిగొచ్చేసరికి, కోసేసిన కథల ముక్కలు చూసి "ఇదెక్కడిది" అనుకోవడం అక్కడి వాళ్ల వంతయింది.

జోకుకీ భయానికీ యంత్రం ఒకటే. ఏదో జరగబోతోందని చెప్పాలి, ఆపాలి, ఆపాలి, అనుకోని చోట వదలాలి. ఒక జోకు మీద నడిచే కథకి ఇరవై నిమిషాలు దాటితే ఊపిరి ఆడదు. అందుకే ఇలాంటి కథలు విడి సినిమాగా నిలబడవు, ఆంథాలజీలో నిలబడతాయి. 2011లో వచ్చిన 'చిల్లరామా' అచ్చంగా మీరన్న కోవలోదే. కార్లలోనే కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్ ఒకటి మూతపడబోతోంది, అందులో ఆఖరి రాత్రి ఆట, నలుగురు దర్శకులు. మొదటి కథలో వీర్యకణాల కొరత ఉన్న ఒకడు మందు మింగుతాడు, ఒకే ఒక్క కణం కొండంతై న్యూయార్క్ మీద పడుతుంది. చెబితే రోత. చూస్తే అచ్చం 1950ల నాటి రాక్షస సినిమాల వెక్కిరింత, ఆ రంగులూ ఆ చవక బొమ్మలూ అలాగే. తర్వాతది బీచ్ పాటల సినిమాలకి పేరడీ. ఇంకోటి బ్లాక్ అండ్ వైట్, హిట్లర్ వేషగాడు జర్మన్‌లా వినిపించే అర్థంలేని శబ్దాలు పలుకుతుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లేమో అసలు జర్మన్ మాట్లాడతారు. నవ్వు అక్కడే పుడుతుంది. దాని లోపం కూడా చెప్పాలి. థియేటర్ కథలోనూ ప్రేక్షకులు కామం తలకెక్కిన జాంబీలైపోతారు, అంటే ఊపిరి పీల్చుకునే చోటే లేదు. అన్నం లేకుండా నాలుగు రకాల ఆవకాయ వడ్డించినట్టు.

'ఏబీసీస్ ఆఫ్ డెత్' (2012) ఇంకో రకంగా తప్పింది. 26 అక్షరాలు, అక్షరానికో చిన్న సినిమా, ఒక్కోదానికి 5000 డాలర్లు. వరస అక్షరమాల చేతిలో పెట్టారు కాబట్టి ఎడిటర్ చేతులు కట్టేసినట్టే. అపానవాయువు కథ, మరుగుదొడ్డి కథలు ఎక్కడ పడితే అక్కడ తగులుతాయి. కథలన్నిటినీ కట్టే తాడు కూడా లేదు.

ఆ తాడు విలువ మనకి ఒకరు చెప్పాలా? 'హంసవింశతి'లో ప్రియుడి దగ్గరికి బయల్దేరిన ఆవిణ్ణి హంస ఇరవై రాత్రులు కథలు చెప్పి ఆపుతుంది. 'శుకసప్తతి'లో ఆ పని చిలక చేస్తుంది. తప్పు చేయకుండా ఆపడానికి చెప్పే కథలేమో శృంగార కథలే, వినేది ఆ తప్పు చేయబోయే మనిషే! భేతాళుడు శవంలో కూర్చునే కదా కథ చెప్పింది. బూతూ భయమూ కథలో కథా, అన్నీ మన దగ్గర ఎప్పుడో ఉన్నాయి. ఇంత ఉండీ మనవాళ్లు హారర్ కామెడీ అనగానే రెండున్నర గంటలు లాగుతారు. ఇంటర్వెల్ దాకా నవ్వించి, తర్వాత దెయ్యానికి ఒక ఏడుపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టి న్యాయం జరిపిస్తారు. ఆ ఫ్లాష్‌బ్యాక్‌తోనే భయమూ నవ్వూ రెండూ పోతాయి. దెయ్యానికి న్యాయం దేనికండీ, దానికి సైగలు గుర్తుండకపోతే చాలు.

షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క విషయం. నవ్వించే నెత్తురు వేరు, భయపెట్టే నెత్తురు వేరు. ఉత్తుత్తి నెత్తురు కలపడానికి బేకరీ సామాన్ల కొట్టులో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ ఒక కప్పు, నీళ్లు పావు కప్పు, ఎర్ర ఫుడ్ కలర్ రెండు చెంచాలు, కోకో పొడి అర చెంచా. ఇది చిక్కగా, ముదురుగా వస్తుంది, భయానికి పనికొస్తుంది, కాస్తే వాడాలి. నవ్వుకైతే కోకో మానేసి నీళ్లు రెట్టింపు చేయండి, పలచగా మెరుస్తూ చిమ్ముతుంది. కోకోని ముందే కాసిని గోరువెచ్చటి నీళ్లలో కలపకపోతే ఉండలు కట్టి కెమెరాలో మట్టిలా కనిపిస్తుంది. మరక తేలిగ్గా వదలడానికి కొందరు గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చెంచా కలుపుతారు, అది కలిపిన నెత్తురు మాత్రం నటుడి నోట్లో పోయకండి. తెల్ల చొక్కాలు మూడైనా దగ్గర పెట్టుకోండి, రెండో టేక్ తప్పదు. షూటింగ్ అద్దె ఇంట్లో అయితే షాట్ అవగానే నేల తడిగుడ్డతో తుడిచేయండి. పాకం కదా, ఎడిటింగ్ మొదలుపెట్టేలోపే చీమలు వచ్చేస్తాయి.