ఇంజను ఎన్నింటికి వేశారు?

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్రాన్సులో స్నేహితులతో చేసిన చేపల వేట మీద నువ్వు రాసి పంపిన ‘సరస్సు గట్టున ఏడు రోజులు’ మూడుసార్లు చదివాను. నా పెద్ద మనవడి ఈడువాడినని రాశావు కనుక నువ్వు అనే పిలుస్తున్నాను. భాష శుభ్రంగా ఉంది. ఇక అసలు విషయానికి వస్తాను.

పదకొండో పేజీలో ఆకివీడు నుంచి మీ అమ్మగారు ఫోను చేస్తారు. ముప్ఫై ఎనిమిది పౌన్ల చేపను పట్టి, తూచి, ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలేశామని నువ్వు చెబుతావు. “వదిలేశారా? మరి ఎందుకు పట్టినట్టు నాన్నా?” అని ఆవిడ అడుగుతారు. దాని కింద నీ వాక్యం: ‘అమ్మ అమాయకత్వాన్ని స్నేహితులకు ఇంగ్లీషులో చెప్పాను. నలుగురం పడీపడీ నవ్వుకున్నాం.’ అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. రెండు రోజులు మళ్లీ ముట్టుకోలేదు.

నీ పదహారు పేజీల్లో అంత బలమైన మాట ఇంకొకటి లేదు. ఆవిడది చేపల చెరువుల మధ్య గడిచిన బతుకు. తవుడు, వేరుశెనగ చెక్క, ఐసు పెట్టెలు, హౌరా వెళ్లే లారీలు చూస్తూ నిన్ను పెంచిన మనిషి. చేపను పట్టడం అంటే ఏమిటో తెలిసే అడిగారు. తెలిసినవాళ్లు అడిగిన ప్రశ్నను నవ్వి దాటేస్తే రచన అక్కడే ఆగిపోతుంది. ఆ తరువాతి ఐదు పేజీలూ స్నేహం గొప్పతనం మీద వ్యాసం. అవి తీసెయ్యి.

రెండో సంగతి. ఏడో పేజీలో ‘మొదటి ఐదు రాత్రులు ఏమీ జరగలేదు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది నమ్మలేకనే గత ఆదివారం నీకు ఫోను చేశాను. గంటా పది నిమిషాలు మాట్లాడావు. లెస్టర్ నుంచి వ్యాను కట్టుకుని, సముద్రం అడుగున సొరంగంలో ఫ్రాన్సు చేరి, కంకర తవ్విన గుంటల్లో నీరు నిండి ఏర్పడిన ఆ ప్రైవేటు సరస్సుకు శనివారం మధ్యాహ్నం చేరిన వైనం చెప్పావు. ఎవరు ఏ గట్టున కూర్చోవాలో చీట్లు వేసుకున్నారు. చేపపిండి, ధాన్యాల పిండి గుడ్లతో కలిపి, ఉండ్రాళ్లలా చుట్టి ఉడికించిన ఎర ఉండలు చెంచాగరిటెతో విసిరారు. తీగ కదిలితే కూతపెట్టే పెట్టె పక్కనే బూట్లు విప్పకుండా పడుకున్నారు. ఒకడు లేచి టీ కాస్తే, ఇంకొకడు గాలాలు లాగి, ఎర మార్చి, మళ్లీ అదే చోటికి విసిరాడు. ఇదంతా ‘ఏమీ జరగకపోవడమా’?

ఎర కట్టే పద్ధతి నువ్వు చెబుతుంటే నేను కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. ఎరను కొక్కేనికి గుచ్చరు. కొక్కెం వెనక సన్నని దారంతో వేలాడదీస్తారు. 1980 ప్రాంతంలో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు దీన్ని కనిపెట్టారనీ, మొదట నిజంగా మనిషి తలవెంట్రుకే వాడారనీ, అందుకే దానికి ‘వెంట్రుక’ పేరు నిలిచిపోయిందనీ చెప్పావు. ఈ చేపకు పళ్లు గొంతులో ఉంటాయి. నోటితో పీల్చి చూస్తుంది, అనుమానం వస్తే ఉమ్మేస్తుంది. ఆ ఉమ్మే క్షణంలో కొక్కెం పెదవికి దిగుతుంది. చేప జాగ్రత్తే దాన్ని పట్టిస్తుందన్నమాట! ఇంత సంగతి చేతిలో ఉంచుకుని ‘ఒక రాక్షస మత్స్యం నా గాలానికి చిక్కింది’ అని రాశావు. నీ నోటికి తెలిసినది నీ కలానికి ఎందుకు తెలియలేదు?

రాక్షస మత్స్యం కాదు, దానికి పేరుంది. నువ్వు ‘కార్ప్’ అని ఇరవైసార్లు రాసింది మన బంగారు తీగ. దాని బ్యాంకాక్ రకాన్ని 1957లో మన దేశానికి తెచ్చారు. అడుగు మట్టి తవ్వుతూ తిరిగి చెరువు గట్లు గుల్ల చేస్తుందని మా వైపు రైతులు విసుక్కునే చేప. నువ్వు పట్టినది అందులోనే పొలుసులు అక్కడక్కడా మాత్రమే ఉండే అద్దాల రకం. బంగారు తీగ అన్న పేరు ఒక్కసారి రాసి ఉంటే మీ అమ్మగారికి ఫ్రాన్సు సరస్సు తన ఇంటి వెనక చెరువంత దగ్గరయ్యేది.

నేను ఒకే ఒక్క మాట నమ్మి నలభై ఏళ్లు రాశాను. పని రాయాలి. ఆ పని చేసినవాడు చదివితే తప్పు పట్టలేనట్టు రాయాలి. చేతులు ఏం చేశాయో చెబితే మనసు ఏమైందో వేరే చెప్పనక్కరలేదు. ఈ మాట వేదికల మీద అన్నప్పుడల్లా నన్ను పాతకాలం మనిషిగా చూశారు. ఈమధ్య కథల్లో ఎవరికీ వృత్తి ఉండటం లేదు. కిటికీలోంచి వాన చూస్తుంటారు, చివరి వాక్యంలో చచ్చిపోతారు. వాళ్లు ఏం తిని బతికారో రచయితకు పట్టదు. అలాంటి వాటికి బహుమతులు ఇచ్చే పెద్దమనుషుల మీద నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు.

కైకలూరు దగ్గర ఒక చెరువు మీద నేను రెండేళ్లు రాత్రి కాపలా ఉన్నాను. మబ్బు పట్టిన రోజుల్లో నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. తెల్లవారబోయే ముందు మరీ తక్కువ. బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. చీకట్లో అవి కనిపించవు. వేల నోళ్లు ఒక్కసారి నీళ్లను చప్పరిస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. వినగానే పరుగెత్తి డీజిల్ ఇంజను వేసి కొత్త నీరు పెట్టాలి. ఆలస్యమైతే ఉదయానికి గట్టు పొడవునా తెల్లగా పొట్టలు తేలతాయి. ఆ చప్పుడు మీద 1987లో కథ రాశాను. సంపాదకుడు చప్పుడునూ ఇంజనునూ కలిపి రెండు పేజీలు కొట్టేసి, ‘అనవసరమైన సాంకేతిక వివరాలు’ అని కార్డు రాశాడు. కాపలావాడి ప్రేమ వ్యవహారం మాత్రం ఉంచాడు.

కథ అచ్చయిన వారానికి, పక్క ఊరి చెరువు మీద పనిచేసే ఒక పెద్దాయన పత్రిక పట్టుకుని సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు తాగి, అరుగు మీద కూర్చుని ఒకటే అడిగాడు: “అంతా బాగుంది బాబూ, ఇంజను ఎన్నింటికి వేశారు?” రాసింది ఉంది, కొట్టేశారు అని చెప్పలేక తల వంచుకున్నాను. ఆ కార్డు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

మీ అమ్మగారి ప్రశ్నకు జవాబు నీ దగ్గరే ఉంది. ఫోనులో చివర అదాటున చెప్పావు. వల పట్టిన నీ స్నేహితుడు చేపను తడిపిన పరుపు మీదకు దించగానే తోక దగ్గరి పొలుసుల వరస చూసి, “ఇది నాకు తెలుసు, మూడేళ్ల కిందట నేనే పట్టాను, అప్పటికి నాలుగు పౌన్లు తక్కువ” అన్నాడట. మోకాళ్ల మీద కూర్చుని, పెదవి గాయానికి మందు పూశాడట. ఇంగ్లండులో ఇలాంటి చేపలకు పేర్లు పెడతారనీ, 1952లో రెడ్‌మైర్ మడుగులో పట్టిన నలభై నాలుగు పౌన్ల క్లారిస్సా లండన్ జంతు ప్రదర్శనశాలలో 1971 దాకా బతికిందనీ, కెంట్‌లో ‘టూ టోన్’ అనే చేప 2010లో చనిపోతే ఆ సరస్సు దగ్గరే పాతిపెట్టారనీ నువ్వే చెప్పావు. మీ అమ్మగారు తన గేదెలను పేరు పెట్టి పిలిచే మనిషేనని మూడో పేజీలో రాశావు. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టు. ఆవిడ ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. కొక్కెం దిగిన నోటికి మందు రాయడం ఏం దయ అని అడిగినా అడగవచ్చు. అడిగితే అదీ రాయి, నవ్వకుండా.

వల పట్టిన స్నేహితుడికి నీ రచనలో పేరు లేదు. ‘ఒక మిత్రుడు’ అన్నావు. చేపను ఒడ్డుకు తెచ్చింది అతను.

మళ్లీ రాసి పంపు. పంపే ముందు ఇవి నాకు కార్డు మీద రాయి: ఆరో రాత్రి కూత ఎన్నింటికి వినిపించింది? నీ గుడారం నుంచి నీటి అంచుకు ఎన్ని అడుగులు? చేపను నీళ్లలో పట్టుకుని ఉన్నప్పుడు, అది తనంతట తాను కదిలి వెళ్లేవరకు ఎంతసేపు పట్టింది? అమ్మ ఫోను వచ్చేసరికి నీ చేతులు ఆరాయా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు