సంఘాన్ని మూసివేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చునా? ఒకసారి మూసిన అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఒకప్పుడు నిండుగా ఉన్న మీ క్రైస్తవ సంఘంలో ఇప్పుడు ఆరాధనకు ఇరవై మందికి మించి రావడం లేదు. పాస్టర్ గారు కొద్ది నెలల్లో వేరే పరిచర్యకు వెళ్ళిపోతున్నారు. ఉన్నవారిలో కొందరు సంఘాన్ని మూసివేసి కొత్తగా మొదలుపెడదామంటున్నారు, మరికొందరు అది విశ్వాసం లేనివారు చేసే పని అంటున్నారు. పదకొండు మంది మాత్రమే మిగిలిన ఒక సంఘానికి నేను కార్యదర్శిగా పనిచేశాను. దానిని మూసివేస్తున్నామన్న తీర్మానాన్ని నా చేతితోనే రాశాను, ఆ తర్వాత పుట్టిన సంఘంలో ఇప్పుడు విశ్వాసిగా ఉన్నాను. అందువల్ల రెండు వైపుల నుండీ కొంత చెప్పగలను.

ముందుగా మిమ్మల్ని బాధపెడుతున్న ఆ మాట సంగతి చూద్దాం. బైబిలులోని చివరి గ్రంథమైన ప్రకటన గ్రంథం 2, 3 అధ్యాయాలలో ఏడు సంఘాలకు లేఖలు ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలో కూడా మీ ఆరాధనకు ఎంతమంది వస్తున్నారన్న ప్రశ్న లేదు. ఫిలదెల్ఫియ సంఘానికి ఉన్న శక్తి కొంచెమేనని ప్రభువే చెబుతాడు, అయినా ఆ లేఖలో ఒక్క గద్దింపు కూడా కనిపించదు. సార్దీస్ సంఘానికి మాత్రం జీవిస్తున్నదన్న పేరు ఉన్నది, అది మృతమైనదని ప్రభువు తేల్చి చెబుతాడు. ఎఫెసులో క్రియలు, ప్రయాస, ఓర్పు అన్నీ ఉన్నా, మొదటి ప్రేమ పోయినందువల్ల మారుమనస్సు పొందకపోతే దీపస్తంభాన్నే (ఆ గ్రంథంలో అది సంఘానికి గుర్తు) తీసివేస్తానన్న హెచ్చరిక వస్తుంది. ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, సంఘం చిన్నదైపోవడం ఒక స్థితి అనీ, లోపల చచ్చిపోవడం వేరొక స్థితి అనీ మాకు తెలిసివచ్చింది. మీరు తేల్చుకోవలసినది మీరు ఈ రెండింటిలో ఏ స్థితిలో ఉన్నారన్నదే. ఇరవై మంది ఉన్న సజీవమైన సంఘాన్ని సంఖ్య తక్కువన్న ఒక్క కారణంతో మూసివేస్తే అది నిజంగానే తొందరపాటు అవుతుంది. సార్దీస్‌కు సైతం మూసివేయమన్న ఆజ్ఞ రాలేదు, మిగిలినవాటిని బలపరచమన్న మాటే వచ్చింది.

దానిని తేల్చుకోవడానికి మాకు ఉపయోగపడినది బాప్తిస్మ రిజిస్టరు, అంటే బాప్తిస్మం పొంది సంఘంలో చేరినవారి పేర్ల పుస్తకం. ఒక సాయంత్రం నేనూ, కోశాధికారీ, ఇద్దరు సంఘ పెద్దలూ బల్ల చుట్టూ కూర్చుని మొదటి పేజీ నుండి ఒక్కొక్క పేరూ చదివాం. మొత్తం నూటనలభై మూడు పేర్లు ఉన్నాయి. మరణించినవారి పేరు పక్కన ఒక గుర్తు, ఊరు మారినవారికి ఒక గుర్తు, మనస్సు నొచ్చుకుని వెళ్ళిపోయినవారికి మరొక గుర్తు పెట్టుకుంటూ వెళ్ళాం. చివరి పేజీలకు వచ్చేసరికి ఎవరమూ మాట్లాడలేదు. గడిచిన తొమ్మిదేళ్ళలో కొత్తగా చేరిన ప్రతి పేరూ మా సొంత పిల్లలదే, బయటి నుండి వచ్చి బాప్తిస్మం పొందినవారు ఒక్కరు కూడా లేరు. అంతకంటే బాధ కలిగించినది మూడవ గుర్తు. ఒకే రెండేళ్ళ కాలంలో అది ముప్పై ఒక్క పేర్ల పక్కన ఉన్నది, ఆ రెండేళ్ళలోనే మేము అప్పటి పాస్టర్ గారిని సరైన విచారణ లేకుండా సాగనంపాం. జనం తగ్గిపోవడానికి కాలం మారడం, యువత దూరమవడం వంటి కారణాలు చెప్పుకుంటూ వచ్చిన మాకు, అసలు కారణం మా సొంత రిజిస్టరులోనే మా చేతిరాతతో కనిపించింది.

ఇక మేము చేసిన పొరపాటు. ఈ రిజిస్టరు చదవడానికి ముందే ఒకసారి కొత్తగా మొదలుపెట్టామని అనుకున్నాం. సంఘం పేరు మార్చాం, ఆరాధన సమయం మార్చాం, గోడలకు రంగులు వేయించాం, పాటలకు కొత్త వాయిద్యాలు తెచ్చాం. అయితే కమిటీలో అదే ఆరుగురం, మా మధ్య అవే పాత మాటపట్టింపులు. క్షమాపణ అడగవలసినవారిని అడగలేదు, అప్పగించవలసిన అధికారాన్ని ఎవరికీ అప్పగించలేదు. పద్నాలుగు నెలల్లో మళ్ళీ పాత స్థితికే వచ్చాం, పైగా కొత్తదనాన్ని నమ్మి వచ్చిన రెండు కుటుంబాలు మరింత నిరుత్సాహంతో వెళ్ళిపోయాయి. అందువల్ల మీలో "మూసి మళ్ళీ మొదలుపెడదాం" అంటున్నవారిని నేను ఒకే ప్రశ్న అడగమంటాను: మీరు మూసివేయాలనుకుంటున్నది దేనిని? మందిరాన్నా, నమోదైన సంస్థనా, అలవాటైపోయిన పనితీరునా, లేక కొందరి మధ్య నడుస్తున్న తగవునా? తగవును మూయకుండా మిగిలిన మూడింటినీ మూసినా, అది కొత్త మందిరంలోకి మీ వెంటే వస్తుంది.

సంఘ చరిత్రలో ఈ విషయంలో నాకు ఎంతో ధైర్యమిచ్చిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 1457లో బొహీమియాలో (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) మొదలైన సహోదరుల ఐక్యసంఘం 1620 తర్వాత హింసల వల్ల స్వదేశంలో నిలువలేక చెదిరిపోయింది. అప్పుడు ఐరోపాలో సాగుతున్న ముప్పై ఏళ్ళ యుద్ధం 1648లో ముగిసినా వారికి తిరిగి వెళ్ళే దారి దొరకలేదు. ప్రవాసంలో ఉన్న వారి బిషప్పు, విద్యావేత్తగా ప్రసిద్ధుడైన కొమీనియస్, 1650లో ఆ సంఘాన్ని మరణశయ్య మీద ఉన్న తల్లిగా చూపిస్తూ ఒక వీలునామా రాశాడు. ఆ తల్లి తన దగ్గరున్న ఆత్మీయ సంపదను తన పిల్లలకూ, ఇతర సంఘాలకూ, తన జాతికీ పంచి ఇస్తుంది. తమ సంఘం ముగిసిపోతున్నదని ఒప్పుకుని, దానిలో దాచదగినది ఏమిటో పేరు పెట్టి ఇతరులకు అప్పగించిన ఆ పద్ధతి నన్ను కదిలించింది. డెబ్బై రెండేళ్ళ తర్వాత, 1722లో, బొహీమియా పక్కనున్న మొరావియా నుండి వచ్చిన శరణార్థులు జర్మనీలోని సాక్సనీలో జింజెండార్ఫ్ అనే జమీందారు భూమిలో హెర్న్‌హుట్ అనే గ్రామాన్ని కట్టుకున్నారు, సహోదరుల సంఘం అక్కడే మళ్ళీ ప్రాణం పోసుకున్నది.

అయితే ఆ హెర్న్‌హుట్ కూడా ఐదేళ్ళు తిరగకముందే తగవులతో చీలిపోయే స్థితికి వచ్చింది. జింజెండార్ఫ్ ఇంటింటికీ వెళ్ళి మాట్లాడాడు, 1727 మే 12న అందరూ కలిసి జీవించడానికి ఒక ఒడంబడికకు ఒప్పుకున్నారు, ఆగస్టు 13న కలిసి ప్రభు భోజనంలో (యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం) పాలుపంచుకున్నప్పుడు వారి మధ్య సమాధానం కలిగింది. 1732లో వారి నుండి మొదటి మిషనరీలు బయలుదేరారు. ఆ సంఘం మూతపడలేదు, ఉన్నచోటనే సమాధానపడి బ్రదికింది. మీ ఇరవై మంది మధ్య ఇప్పటికీ అలాంటి సమాధానం సాధ్యమైతే మీరు దేనినీ మూయనవసరం లేదని నా అభిప్రాయం. ఆ ప్రయత్నం నిజాయితీగా చేసి, అది సాధ్యం కాదని తేలిన తర్వాతనే మూసివేత గురించి ఆలోచించండి.

మా విషయంలో ఆలస్యమైపోయింది, మేము మూసివేశాం. మూయడానికి ముందు ముగ్గురం కలిసి ఆ పాత పాస్టర్ గారి ఇంటికి వెళ్ళి, జరిగినది తప్పేనని ఒప్పుకుని, క్షమించమని అడిగాం. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, మాతో కలిసి ప్రార్థన చేశారు. ఆ పని పదేళ్ళ ముందు చేసి ఉంటే ఈ జవాబు రాయవలసిన అవసరం నాకు ఉండేది కాదేమోనని ఈనాటికీ అనుకుంటూ ఉంటాను.

తీర్మానం గురించి సంఘమంతా కూర్చున్న రోజున ఆస్తుల గురించీ, నియమావళి గురించీ గంటసేపు మాట్లాడుకున్నాం. అప్పుడు మాలో అందరికంటే పెద్దావిడ లేచి నిలబడి, "అయితే నన్ను ఎవరు సమాధి చేస్తారు?" అని అడిగారు. ఆ ప్రశ్న మా ఎజెండాలో ఎక్కడా లేదు. ఆమె నలభై ఏళ్ళుగా ఆ సంఘంలో ఉన్నారు, భర్త అంత్యక్రియలు అక్కడే జరిగాయి. సంఘం మూతపడితే మాకు ఆదివారం ఖాళీ అవుతుంది, ఆమెకు మాత్రం తన చివరి రోజున పక్కన ఎవరుంటారన్నదే తెలియకుండా పోతుంది. ఆ రోజు తీర్మానాన్ని వాయిదా వేసి, పదకొండు మందిలో ప్రతి ఒక్కరినీ ఏ సంఘం చేర్చుకుంటుంది, ఎవరు వెంటబెట్టుకుని తీసుకువెళ్ళి పరిచయం చేస్తారు, అనారోగ్యంగా ఉన్నవారిని ఎవరు చూడడానికి వెళ్తారు అన్నది పేరు పేరునా రాసుకున్నాం. మీరు ఆస్తుల జాబితా కంటే ముందు ఈ జాబితా రాయండి.

ఆస్తుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది మీ సంఘం ఏ విధంగా నమోదైందన్న దానిపై ఆధారపడుతుంది. మందిరం మీదని మీరు అనుకుంటున్నా, పత్రాలలో అది డయోసిస్ (ఒక బిషప్పు పరిధిలోని సంఘాల సంస్థ) పేరునో మాతృసంస్థ పేరునో ఉండవచ్చు, అప్పుడు మూసే నిర్ణయం మీ ఒక్కరిది కాదు. సంఘం సొసైటీగా గానీ ట్రస్టుగా గానీ నమోదై ఉంటే, రద్దు ఎలా చేయాలో సాధారణంగా నియమావళిలోనే ఉంటుంది, అప్పులు తీర్చిన తర్వాత మిగిలినది సభ్యులు పంచుకోవడానికి కాక అదే విధమైన సేవకు వెళ్ళవలసి ఉంటుంది. ఒక ప్రత్యేక పనికోసమని ఇచ్చిన కానుకలను మరో పనికి మళ్ళించే ముందు ఇచ్చినవారిని అడగండి. పాస్టర్ గారికీ, పనివారికీ ఇవ్వవలసిన బకాయిలు అన్నింటికంటే ముందు తీర్చండి. బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను ఎవరి ఇంటిలోనూ పెట్టవద్దు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎవరో ఒకరు తమ వివాహ ధ్రువపత్రం కోసం వెతుక్కుంటూ వస్తారు, కాబట్టి వాటిని మాతృసంస్థకో నిలకడగా ఉన్న మరో సంఘానికో రసీదు తీసుకుని అప్పగించండి. ఒక న్యాయవాదిని సంప్రదించకుండా దేని మీదా సంతకం చేయవద్దు.

చివరి ఆరాధనను దాచిపెట్టినట్లు చేయకండి. మేము పాత విశ్వాసులందరికీ, నొచ్చుకుని వెళ్ళిపోయినవారికి కూడా, ఉత్తరాలు రాసి పిలిచాం. కొమీనియస్ వీలునామాను గుర్తుచేసుకుంటూ మా సంఘం పక్షంగా ఒక పేజీ రాసి చదివాం: ఈ సంఘంలో ఎవరెవరు రక్షణ పొందారు, మేము ఎక్కడ తప్పిపోయాం, మా దగ్గరున్న ఏ మంచిని ఎవరికి అప్పగిస్తున్నాం అన్నది అందులో ఉన్నది. అంతకుముందు ఎన్నో నెలలుగా, ప్రభు భోజనానికి వాడే, నలభై గుంటలున్న పళ్ళెంలో ద్రాక్షారసపు చిన్న గ్లాసులు పదకొండే ఒక మూలకు చేరి ఉండేవి, పళ్ళెం చేతికి వచ్చిన ప్రతిసారీ ఆ ఖాళీ గుంటల మీద నుండి చూపు తిప్పుకునేవాడిని. ఆ రోజు పళ్ళెం నిండి, రెండవ పళ్ళెం కూడా తీయవలసి వచ్చింది. చాలామంది ఏడ్చారు. అది చూసి, ఇంతమంది ఉండగా మూయడమెందుకని ఒకరిద్దరు అడిగారు కూడా. వారంతా వీడ్కోలు చెప్పడానికి వచ్చినవారే తప్ప మరుసటి ఆదివారం వచ్చేవారు కారని తెలిసి, మేము తీర్మానానికే కట్టుబడ్డాం.

మూసిన తర్వాత ఎంతకాలం ఆగాలన్నది మీరు అడిగిన మరో ప్రశ్న. మేము పది నెలలు ఆగాం. ఆ కాలంలో అందరం వేర్వేరు సంఘాలలో వెనుక వరుసలో కూర్చుని, ఏ బాధ్యతా లేకుండా వాక్యం విన్నాం. నా వరకు అది చికిత్స లాంటిదయ్యింది, ఎందుకంటే అప్పటికి ఎన్నో ఏళ్ళుగా నేను ఆరాధనలో కూర్చుని లెక్కలు చూసుకుంటున్నానే తప్ప ఆరాధించడం లేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పదకొండు మందిలో ఆరుగురమే వచ్చాం, మిగిలినవారు వెళ్ళిన చోటనే స్థిరపడ్డారు, వారిని వెనక్కి పిలవలేదు. నాయకత్వాన్ని మేము తీసుకోలేదు. మమ్మల్ని చేర్చుకున్న సంఘాలలో ఒకటి ఒక కాపరినీ, ఇద్దరు పెద్దలనూ ఇచ్చి పంపింది, మూడేళ్ళపాటు పాత కమిటీవారు ఎవరూ కొత్త కమిటీలో ఉండకూడదని ముందే రాసుకున్నాం. ఈ నియమం నాకు అప్పుడు కష్టంగా అనిపించింది, కానీ మిగిలిన అన్నింటికంటే ఇదే మమ్మల్ని కాపాడిందని ఇప్పుడు నమ్ముతున్నాను. ఆ పెద్దావిడ మాతోనే వచ్చారు. ఆమె ప్రభువునందు నిద్రించినప్పుడు ఆ కొత్త కాపరే సమాధి కార్యక్రమం జరిపించారు, పాత సంఘంవారు దాదాపు అందరూ వచ్చారు.

మీలో మూయడానికి ఒప్పుకోనివారిని అవిధేయులుగా చూడవద్దని ఒక మనవి. బైబిలులోని ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయంలో యెరూషలేములో కొత్త మందిరానికి పునాది వేసినప్పుడు, మొదటి మందిరాన్ని చూసిన వృద్ధులు గట్టిగా ఏడ్చారు, మరికొందరు సంతోషంతో కేకలు వేశారు, ఏది ఏడుపో ఏది సంతోషధ్వనో జనానికి తెలియలేదు. ఆ ఏడ్చినవారిని ఎవరూ గద్దించినట్లు అక్కడ లేదు. మీ సంఘంలోనూ ఈ రెండు స్వరాలు చాలాకాలం కలిసే వినిపిస్తాయి.

మీ పాస్టర్ గారు వెళ్ళేలోపే ఆయన సమక్షంలో రిజిస్టరు తెరిచి, మొదటి పేరు నుండి చదవండి. వెళ్ళిపోయినవారిలో ఎవరి ఇంటికి వెళ్ళవలసి ఉన్నదో అందులో కనిపిస్తుంది. వెళ్ళి రండి. మూసివేత తీర్మానం కోసం సమావేశపు తేదీని ఆ తర్వాతే నిర్ణయించుకోండి.