అట్లాంటిస్ నగరం నిజంగా ఉండేదా? ఆ గుళ్ళు, కాలువలు అంత కచ్చితంగా ఎలా తెలిశాయి?

లేదు, అట్లాంటిస్ గ్రీకు తత్వవేత్త ప్లేటో క్రీ.పూ. 360 ప్రాంతంలో తన సంభాషణల (పాత్రలు మాట్లాడుకుంటున్నట్టు రాసిన రచనల) కోసం కల్పించిన నగరం, మనకు తెలిసిన ఆ వివరాలన్నీ ఆయన రాసినవే. సముద్రబలం, డబ్బు చూసుకుని పొగరెక్కిన రాజ్యం, పద్ధతిగా బతికే ఏథెన్స్ చేతిలో ఎలా ఓడిపోతుందో చూపించడం ఆయన ఉద్దేశం. ఓడిపోయేది ఎంత గొప్పదైతే కథ అంత రక్తికడుతుంది కదా, అందుకే వర్ణనలో ఎక్కడా పిసినారితనం చూపించలేదు.

ఉదాహరణకి నగరం నడిబొడ్డున దాదాపు 900 మీటర్ల వెడల్పున్న దీవి, దాని చుట్టూ ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళూ నేలా వలయాలుగా ఉంటాయి. సముద్రదేవుడు పొసైడన్ గుడికి బయట వెండి తాపడం, శిఖరాలకి బంగారం, లోపల కప్పుకి ఏనుగు దంతం. పక్కనే వేడినీళ్ళ ఊట ఒకటి, చన్నీళ్ళ ఊట ఒకటి, వాటి దగ్గర రాజులకీ, జనాలకీ, ఆడవాళ్ళకీ, చివరికి గుర్రాలకీ కూడా వేరువేరు స్నానాల గదులు! బయటి నేల వలయం మీద చుట్టూతా గుర్రప్పందేల బాట.

చాలామంది దీన్ని గ్రీకులు తరతరాలుగా చెప్పుకున్న పురాణకథ అనుకుంటారు, కానీ ప్లేటో కంటే ముందు దీని ప్రస్తావన ఎక్కడా దొరకలేదు. అట్లాంటిస్ నిజంగా సముద్రంలో మునిగిపోయిన ఖండం అనే నమ్మకం జనంలో బాగా పాకింది 1882లో అమెరికా రాజకీయ నాయకుడు ఇగ్నేషియస్ డానెలీ రాసిన పుస్తకంతో. ప్లేటో మాత్రం నగరాన్ని వర్ణించిన సంభాషణని పూర్తిచేయనే లేదు, జ్యూస్ దేవుడు మాట్లాడబోతుండగా వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది.